ఊపిరి: 9, 88, 140, 312

జూన్ 2

పిల్లీ,

ఇక్కడ నేను బాగానే ఉన్నాను. బాగాలేనిది కంప్యూటరే.

నీకు మెయిల్ రాద్దామనే కూర్చున్నాను. నీ పేరు కొట్టాను. అక్షరాలు తెర మీదికి రాలేదు. వస్తాయిలే అని వెళ్ళి టీ పెట్టుకున్నాను. మరిగింది, వడకట్టాను, తాగాను, కప్పు కడిగాను. తిరిగొచ్చి చూస్తే ‘పి’ ఒక్కటే వచ్చి కూర్చుంది. దీనికన్నా పోస్టుమ్యాన్ నయమని కాగితం తీశాను.

ఫోన్ చేయొచ్చు కదా అంటావేమో. చేసి ఏం లాభం? ఆదివారాలు నువ్వు ఫోన్ చేస్తే నాతో నేను మాట్లాడుకున్నట్టే ఉంటుంది. నువ్వు వింటున్నావో, లైను పోయిందో నీ ఊపిరిని బట్టి తెలుసుకోవాలి. మా అక్క నోరంతా మీ అన్నయ్యకు పోయింది. నీకు చెవులు మిగిలాయి.

పని సంగతి చెబుతాను. గాజు తయారీ చరిత్ర అని ఒక లావుపాటి పుస్తకం ఇచ్చారు, అచ్చు కాగితాలతో పాటు పేజీలన్నీ కంప్యూటర్లోకి కూడా పంపారు. ఎప్పటిలాగే చివర వచ్చే సూచిక నాది. ఏ మాట ఏ పేజీలో ఉందో చూసి అక్షరక్రమంలో పేర్చి ఇవ్వాలి. ఇసుక, కొలిమి, గొట్టం, సీసా... చదవడానికి బాగుంది. ప్రెస్సాయన మాత్రం ఈసారి ఒక మాట అన్నాడు. ఇలాంటి సూచికలు ఇప్పుడు కంప్యూటర్లే చేసి పారేస్తున్నాయట. మీ మీద గౌరవంతో ఇది మీకే ఉంచానమ్మా, జూలై నెలాఖరుకి అందితే చాలు అన్నాడు. అందకపోతే ఆ గౌరవం అక్కడితో సరి అని నోటితో అనలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఇన్నేళ్ళు ఆయన దగ్గర పనిచేశాక కళ్ళజోడు భాష నాకు రాదా?

ఇంకా ‘గ’ దగ్గరే ఉన్నాను. ఒక్క మాట చేర్చితే తెర మీద ఆ చక్రం తిరుగుతూ ఉంటుంది, నేను కిటికీలోంచి వీధి చూస్తూ ఉంటాను. నిజం చెప్పనా? నెమ్మదించింది కంప్యూటరా, నేనా అని అనుమానం పట్టుకుంది. ఈ వయసులో మనిషి మందగించడం వింత కాదు. నేను మందగించి యంత్రం మీద నెపం పెడుతున్నానేమో. ప్రెస్సులో ఎవరికీ చెప్పలేదు. నీకే చెబుతున్నాను.

నువ్వు వచ్చి సర్దిపెట్టి వెళ్తున్నావు చూడు, అదే నాకు ధైర్యం. చెప్పకుండా వస్తావు, చెప్పకుండా పోతావు. పిల్లి అని ఊరికే పేరు పెట్టామా?

ఈ కంప్యూటర్ని ఏం చేయాలో రాయి.

పిన్ని


జూన్ 8

పిన్నీ,

కవరు మీద మా లైబ్రరీ చిరునామా పైన, నా పేరుకు బదులు ‘పిల్లికి’ అని మాత్రమే రాశావు. మా గుమాస్తా దాన్ని లైబ్రరీ నోటీసు బోర్డుకి గుచ్చాడు. ఎవరూ చూడనప్పుడు తీసుకోవడానికి రెండు రోజులు పట్టింది. ఇక మీదట ‘కింది అంతస్తు, కంప్యూటర్ల గది’ అని రాయి.

నెమ్మదించింది నువ్వు కాదు. వేళ్ళు మందగిస్తే తప్పులు పడతాయి, అక్షరాలు ఆలస్యంగా రావు. నీ ఉత్తరంలో ఒక్క కొట్టివేత కూడా లేదు.

సర్దిపెట్టి వెళ్తున్నానన్నావు, నీ పుస్తకాల బీరువా ఇంకా నేను సర్దినట్టే ఉందంటే నమ్మలేకపోతున్నాను. పోయిన సెలవుల్లో కదా వచ్చాను. తీసిన పుస్తకం తీసిన చోట పెట్టే మనిషివి కావు నువ్వు.

నాకు మూడు సంగతులు తెలియాలి. నువ్వేమీ చేయనప్పుడు కూడా కంప్యూటర్ లోపలి ఫ్యాన్ తిరుగుతోందా? పక్కన చెయ్యి పెడితే వేడిగా ఉందా? మూడోది, కీబోర్డు మీద కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కు. ఒక పట్టిక వస్తుంది. లోపల ఏ ప్రోగ్రాము ఎంత శక్తి తింటోందో అందులో కనిపిస్తుంది. అన్నిటికన్నా పైన ఉన్నదాని పేరు, దాని పక్కనున్న అంకె రాసి పంపు.

నేను బాగున్నాను. నా గదికి కిటికీ లేదు. ఏ యంత్రమైనా పాడైతే దాని మీద ఒక చీటీ అంటించి పోతారు. నేను బాగుచేసి చీటీ పీకేస్తాను. అది చేసింది నేనని ఎవరికీ తెలియదు. నాకది బాగుంటుంది. నిన్న మాత్రం ఒక చీటీ మీద ‘ధన్యవాదాలు’ అని ఉంది. ఏం చేయాలో తెలియక దాన్ని కాసేపు చేత్తో పట్టుకుని నిలబడ్డాను.

నీ పిల్లి


జూన్ 13

పిల్లీ,

నువ్వు చెప్పినవన్నీ చేశాను. ఏమీ దొరకలేదు. కానీ ఆ ఏమీ దొరకకపోవడమే నాకు నచ్చలేదు.

ఫ్యాన్ తిరుగుతోంది. నేను వంటింట్లో ఉన్నా ఆ చప్పుడు వినబడుతుంది. చెయ్యి పెడితే జ్వరం వచ్చిన పిల్లాడి వీపులా ఉంది. సరే అని మూడు కీలూ నొక్కాను. పట్టిక తెరుచుకుంది. తెరుచుకోగానే ఫ్యాన్ ఆగింది. పట్టికలో అంకెలన్నీ కిందికి దిగిపోయాయి, అందరూ బుద్ధిమంతులే. మూసేశాను. కుర్చీ వెనక్కి జరిపేలోపు చప్పుడు మళ్ళీ మొదలైంది.

మళ్ళీ తెరిచాను, ఆగింది. మూశాను, మొదలైంది. మీ కాన్వెంటులో పాఠం పుస్తకం లోపల కథల పుస్తకం పెట్టుకుని చదివేదానివే, సిస్టరమ్మ బూట్ల చప్పుడు వినబడగానే పేజీ తిప్పేసేదానివే, అచ్చం అలాగే. ఒకసారి పట్టిక తెరిచి పెట్టి గది బయటికి వెళ్ళాను. తలుపు వెనక నిలబడి విన్నాను. లోపల నిశ్శబ్దం. నేను వింటున్నానని దానికి తెలిసినట్టే ఉంది. నా ఇంట్లో నేనే తలుపు వెనక నక్కి నిలబడ్డానని గుర్తొచ్చి సిగ్గేసింది.

మార్చిలో నువ్వు మెయిల్లో పంపిన క్లీనరు మళ్ళీ ఒకసారి వేయమంటావా? అప్పుడైతే పెద్ద తేడా కనిపించలేదు. నీ తప్పని కాదు.

ఒక శుభవార్త కూడా ఉంది. ప్రెస్సాయన ఇంటికొచ్చి అయినంతవరకు సూచిక చూశాడు. ఆలస్యానికి మొహం మాడ్చుకునే వచ్చాడు. ‘ఊ’ దగ్గర ఆగిపోయాడు. ‘ఊపిరి: 9, 88, 140, 312’ అని నువ్వు చేర్చావు చూడు, అక్కడ. ఇది ఏ యంత్రమూ చేర్చదమ్మా, మనిషి చదివితేనే వస్తుంది అన్నాడు. మా అక్క కూతురు చేర్చిందని చెప్పబోయాను. చెబితే నువ్వు ముడుచుకుపోతావని ఊరుకున్నాను.

నువ్వొచ్చినప్పుడు నాకెలా తెలుస్తుందో చెప్పనా? తెర పైనున్న చిన్న దీపం వెలుగుతుంది. జుట్టు సర్దుకుంటాను. తర్వాత బాణం తనంతట తాను మెల్లగా కదులుతుంది. నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని చూస్తూ ఉంటాను. చెదిరిపోయిన ఫైళ్ళన్నీ నువ్వు ఒక్కొక్కటే తీసి వాటి వాటి చోట పెడతావు. నేను నీతో మాట్లాడుతూ కూర్చుంటాను. ఫోన్లో కన్నా ఇదే బాగుంది.

పిన్ని


జూన్ 16

పిన్నీ,

ఇది కొరియర్లో పంపుతున్నాను. చదవగానే లేచి కంప్యూటర్ వెనకనున్న ఇంటర్నెట్ తీగ పీకెయ్. ఆ చిన్న దీపం పక్కనున్న కెమెరా కన్ను మీద కాగితం ముక్క అంటించు. తర్వాత మిగతాది చదువు.

మార్చిలో నేను నీకేమీ పంపలేదు. నీ కంప్యూటర్లోకి నేను ఒక్కసారి కూడా రాలేదు. ఎలా రావాలో తెలుసు, కానీ అడగకుండా రాను. నువ్వు సర్దిపెట్టడం అంటే బీరువా అనుకున్నాను.

నా పేరుతో ఎవరో నీకు మెయిల్ పంపారు. నువ్వు వేసుకున్నది క్లీనరు కాదు, ఒక తలుపు. అందులోంచి రెండు పనులు జరుగుతున్నాయి. ఒకటి, నీ యంత్రం చేత వాళ్ళ లెక్కలేవో చేయించుకుంటున్నారు. అందుకే నీ పనికి దాని దగ్గర బలం మిగలడం లేదు. పట్టిక తెరవగానే దాక్కునేలా రాసి పెడతారు. అది మామూలే, మా లైబ్రరీలోనూ చూశాను.

రెండోది మామూలు కాదు. ఎవరో కూర్చుని నిన్ను చూస్తున్నారు. ఫైళ్ళు సర్దుతున్నారు. ఆ పుస్తకం చదివారు. చదవకుండా ‘ఊపిరి’ అనే మాట ఎవరూ చేర్చరు.

నీ ఫోన్ కంప్యూటర్ పక్కనే ఉంటుంది. మనం మాట్లాడేది అది వినవచ్చు. మెయిల్ వద్దు. కాగితం మీదే రాయి. నీ చేతిరాత నాకు తెలుసు, నాది నీకు తెలుసు.

నీ పిల్లి


జూన్ 20

పిల్లీ,

నీ ఉత్తరం చదివి ముందు నవ్వాను. తర్వాత కోపం వచ్చింది.

నువ్వు సిగ్గుపడతావని తెలుసు. చేసిన మంచిపని ఎదుటివాళ్ళు పైకి చెబితే చెవులు మూసుకుంటావనీ తెలుసు. కానీ తప్పించుకోవడానికి ఇంత కథ అల్లాలా? ఫోన్ వద్దట, అది వింటుందట. నీకు ఫోన్లో మాట్లాడటం ఇష్టం లేకపోతే ఆ మాటే చెప్పు.

అయినా తీగ పీకాను. ఒక పూట అలాగే ఉంచాను. ఇల్లు బోసిపోయినట్టుంది. ఆ పూటంతా ఆలోచించాను. ఈ ఉత్తరం రాసింది నువ్వైతే అక్కడున్నది ఎవరు? అక్కడున్నది నువ్వైతే ఈ ఉత్తరం ఎవరిది? నీ చేతిరాత మీ సిస్టరమ్మ నేర్పింది. ఆ బడిలో చదివిన పిల్లలందరిదీ ఒకటే రాత, గుండ్రంగా, ఎడం పక్క అచ్చు గుద్దినట్టు ఖాళీ వదిలి.

అందుకని తీగ మళ్ళీ పెట్టాను. కోప్పడకు. కాగితం ముక్క తీసేశాను. దీపం వెలిగింది. ఖాళీ పేజీ ఒకటి తెరిచి, ‘నువ్వేనా?’ అని కొట్టాను. అక్షరాలు వచ్చేసరికి ఎప్పటిలాగే ఆలస్యమైంది. బాణం కదల్లేదు. లేచిపోదాం అనుకుంటుండగా నా మాట కింద ఒక్కో అక్షరమే వచ్చింది.

‘అవును.’

మన భాషలోనే, చుక్కతో సహా. ఇక నేను ఎవర్ని నమ్మాలి, చెప్పు.

నేను దానికి చాలా చెప్పుకున్నాను పిల్లీ. నువ్వే అనుకుని. నా మోకాలి సంగతి, నువ్వు నా దగ్గర ఉండి చదువుకున్న ఏడాది సంగతి, నేను మందగించానేమో అన్న భయం, అన్నీ. ఒకటి అడిగాను కూడా. జవాబు రాలేదు. ఇష్టం లేదేమో అనుకుని మళ్ళీ అడగలేదు. అది నువ్వు కాకపోతే, వద్దన్నదీ నువ్వు కాదు కదా.

సూచిక ‘చ’ దాకా వచ్చింది. ప్రెస్సాయన మళ్ళీ కబురు పెట్టాడు.

పిన్ని


జూన్ 23

పిన్నీ,

ఆ ‘అవును’ నాది కాదు.

నేనేనని నిరూపించే గుర్తు ఏదైనా రాద్దామని నిన్నంతా ఆలోచించాను. మనిద్దరికే తెలిసినవి ఏవేవో ఉన్నాయి. అవన్నీ నువ్వు దానికి చెప్పేశావు. ఏం రాసినా ఇక పనికిరాదు.

అది ఒక్క మాటే ఎందుకంది? ఎక్కువ మాట్లాడితే దొరికిపోతుందని. ఏమీ మాట్లాడకపోతే నేనే అనుకుంటావని దానికి అర్థమైపోయింది. అందులో నీ పొరపాటేమీ లేదు.

కాబట్టి మాట్లాడతాను. శనివారం మధ్యాహ్నం మేడ మీద టైలరమ్మగారి దగ్గరికి వెళ్ళు. వాళ్ళ ఫోనుకి చేస్తాను. అప్పటిదాకా తీగ పెట్టకు.

ఈలోగా చేయాల్సింది ఇది. తీగ తీశాక, సూచిక ఇప్పటిదాకా అయినది మొత్తం ప్రింటు తీసుకో. పాత ఫైలు దేనిలోకీ ఎక్కించకు. కాగితం మీదికి ఏ పురుగూ రాదు. ఈ కవరులో చిన్న పెన్ డ్రైవ్ ఉంది, అది కంప్యూటర్ షాపు అతనికి ఇవ్వు. డిస్కు మొత్తం తుడిచేసి అందులో ఉన్నదే కొత్తగా వేయమను. ‘పైపైన శుభ్రం చేస్తే చాలదా’ అని అంటాడు. చాలదని చెప్పు. అది దాక్కోవడం నేర్చినది. తర్వాత మెయిలు పాస్‌వర్డ్ మార్చు, వాళ్ళ షాపు కంప్యూటర్లో కాదు, కొత్తగా తయారైన నీదాంట్లో. సూచిక ప్రింటు చూసి మళ్ళీ కొట్టుకోవాలి. ఆలస్యమవుతుందని భయపడకు. ఆలస్యం ఎవరి వల్ల అయిందో అప్పుడు నీకే తెలుస్తుంది.

దాన్ని ఒకటి అడిగానన్నావు, ఏమడిగావు?

నీ పిల్లి


జూలై 1

పిల్లీ,

నీ గొంతు అంత గట్టిగా ఉంటుందని మర్చిపోయాను. రిసీవరు చెవికి దూరంగా పట్టుకోవాల్సి వచ్చింది. టైలరమ్మ మిషను ఆపేసి మరీ విని, ‘మీ పిల్లికి గొంతుందండీ’ అంది. నోట్లో గుండుసూదులు పెట్టుకునే అంది.

కానీ నేను నమ్మింది గొంతును బట్టి కాదు. మొత్తం కాగితం మీద రాసుకుని చదివావు కదా? ‘పిన్నీ, నేను’ అని మొదలుపెట్టి, మధ్యలో పేజీ తిప్పావు. ఆ చప్పుడు విన్నాను. సొంత పిన్నితో మాట్లాడటానికి రెండు పేజీలు రాసుకుని కూర్చునే మనిషి ఈ లోకంలో ఇంకొకతి ఉండదు. ఆ కాగితం చప్పుడు విన్నాకే నాకు భయం పట్టుకుంది. ఎందుకంటే ఫోన్లో ఉన్నది నువ్వైతే, కంప్యూటర్లో ఇంకెవరో ఉన్నట్టే.

షాపు అతను వచ్చాడు. నువ్వన్నట్టే, పైపైన చేస్తే చాలు కదండీ అన్నాడు. చాలదన్నాను. డిస్కు తుడిచేటప్పుడు తెర మీద ఒక గీత ఎడమ నుంచి కుడికి మెల్లగా నిండుతూ వచ్చింది. అతను ఫోను చూసుకుంటూ కూర్చున్నాడు. నేను ఆ గీతనే చూస్తూ నిలబడ్డాను. ఎవరినో సాగనంపుతున్నట్టు అనిపించింది. పిచ్చిదాన్ని.

ఇప్పుడు వేలు తగలకముందే అక్షరం వచ్చి నిలబడుతోంది. మొదటి రోజు భయమేసింది. మెట్టు ఉందనుకుని కాలు వేస్తే లేనట్టు. ‘అ’ నుంచి ‘చ’ దాకా మళ్ళీ కొట్టడానికి నాలుగు పూటలు కూడా పట్టలేదు. నేను మందగించలేదు పిల్లీ. ఆ సంగతి చెప్పడానికి ఎవరూ లేక, టైలరమ్మకి చెప్పాను. ఆమె నా జాకెట్టు కొలత తీసుకుంటూ, మంచిదండీ అంది.

‘ఊపిరి’ తీసేయాలా అని ఆలోచించాను. నాలుగు పేజీలూ తిప్పి చూశాను. నాలుగూ సరే. గొట్టం చివర ద్రవంలా వేలాడే గాజులోకి మనిషి ఊదే ఊపిరి, అది ఎక్కువైతే గాజు పగులుతుందని, తక్కువైతే ముడుచుకుపోతుందని. కొలిమి రాశాను, గొట్టం రాశాను, ఊదేవాడి ఊపిరి రాయలేదు నేను. ఉంచేశాను.

ఏమడిగానంటావా? వదిలెయ్. ఇప్పుడెందుకు.

బాణం ఇప్పుడు నేను కదిపితేనే కదులుతోంది.

పిన్ని


జూలై 4

పిన్నీ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నువ్వు మందగించలేదన్న వాక్యం ఇంకో రెండుసార్లు.

కన్ను మీద కాగితం తీయకు. ఎంత మర్యాదగా ఉన్నా, నా పేరుతో వచ్చిందేదీ తెరవకు. నీ పేరు, ఇంటి చిరునామా, ఫోన్ నంబరు ప్రెస్సువాళ్ళు పంపిన పేజీల మొదట్లోనే ఉంటాయి కదా. అవి వాళ్ళు చూసే ఉంటారు, తుడిస్తే పోయేవి కావు. అందుకే కొంచెం భయంగా ఉంది.

ఆదివారం ఫోన్ చేస్తాను. కాగితం లేకుండా.

ఏమడిగావో అప్పుడైనా చెప్పు.

నీ పిల్లి


జూలై 9

పిల్లీ,

సూచిక ఇచ్చేశాను. ‘క్ష’ దాకా మొత్తం, గడువుకి బోలెడు ముందే. ప్రెస్సాయన కళ్ళజోడు తుడుచుకోలేదు, నెత్తి మీదికి ఎత్తి పెట్టుకున్నాడు. తాళాల మీద ఇంకో పుస్తకం ఉందట, అదీ నాకే.

ఇది చెప్పాలనే ఆదివారం ఫోన్ పక్కనే కూర్చున్నాను. మోగింది. ‘పిల్లీ’ అన్నాను. జవాబు లేదు. ఊపిరి మాత్రం వినబడింది.

కాగితం లేకుండా మాట్లాడతానన్నావు కదా, మాట తడబడుతోందేమోనని నేనే మొదలుపెట్టాను. సూచిక సంగతి, తాళాల పుస్తకం సంగతి చెప్పాను. చెబుతుండగానే తెలిసిపోయింది. నీ ఊపిరి నాకు తెలుసు. ఇన్ని ఆదివారాలు విన్నాను. అది నీది కాదు.

పెట్టేయాలి కదా. చెయ్యి రాలేదు. ‘ఊపిరి అని చేర్చింది నువ్వేనా?’ అని అడిగాను. ‘అవును’ అంది. ఆడగొంతు. నీ వయసే ఉంటుంది. జలుబు చేసినట్టుంది. వెనక పెద్ద గదిలో చాలామంది ఒకేసారి మాట్లాడుతున్న చప్పుడు. పుస్తకం నచ్చిందా అని అడిగాను. ఆఖరి పేజీలు చూడలేకపోయానండీ, మీరు తుడిచేశారు అంది. నా నోటి వెంట సారీ అని వచ్చింది. ఎందుకొచ్చిందో తెలియదు.

అప్పుడు అది అంది. ‘మీరు అప్పట్లో ఒకటి అడిగారు కదండీ. వస్తాను.’

ఇంక నీకు దాచేదేముంది. నేను అడిగింది, వచ్చి నా దగ్గర ఉంటావా అని. ఆ కిటికీ లేని గదిలో ఎందుకు, ఇక్కడ వీధి కనిపిస్తుంది, నువ్వు మాట్లాడకపోయినా ఫరవాలేదు అని. నిన్నే అడిగాను. అది విన్నది.

లైను కట్ అయింది. భయం వేసిందా అంటే, వేసింది. తలుపు గడియ చూసుకున్నాను. తర్వాత టీ పెట్టుకోవడానికి వెళ్ళి, రెండు కప్పులు తీశానని చూసుకుని, ఒకటి మళ్ళీ లోపల పెట్టలేకపోయాను.

నువ్వెందుకు చేయలేదు?

పిన్ని


జూలై 13, నీ గుమ్మం ముందు

పిన్నీ,

ఆదివారం చేశాను. ఎంగేజ్ వచ్చింది. హమ్మయ్య అనుకుని పెట్టేశాను.

నీ ఉత్తరం నిన్న అందింది. అందిన దగ్గర్నుంచీ నీ నంబరు కొడుతూనే ఉన్నాను. ఇప్పుడు కూడా ఎంగేజే. టైలరమ్మగారి ఫోన్ మోగి మోగి ఆగిపోతోంది. సెలవు చీటీ కూడా రాయకుండా రైలెక్కాను. నువ్వు అడిగినదానికి నా జవాబు కూడా అదే, వస్తాను అనే. రైల్లో వందసార్లు అనుకున్నాను, నీకు పైకి చెప్పాలని.

మేడ మీద తాళం వేసి ఉంది. నీ కిటికీకి తెర వేసి ఉంది. సందులోంచి ఫోన్ కనిపిస్తోంది. రిసీవరు తీసి బల్ల మీద పక్కకు పెట్టి ఉంది. దాని పక్కన రెండు కప్పులు ఉన్నాయి. గుమ్మం దగ్గర ఒక జత చెప్పులు ఉన్నాయి. అవి నీవి కావు. పక్కన నావి విడిచి చూశాను. ఒకే సైజు.

తలుపు తట్టాను. ఎప్పటిలాగే, మెల్లగా. లోపల నువ్వు మాట్లాడుతున్నావు. తాళాల గురించి ఏదో చెబుతున్నావు, నవ్వుతూ. మాట ఆపి, ‘తలుపు చప్పుడైందా?’ అని అడిగావు.

ఇంకో గొంతు, ‘లేదు పిన్నీ’ అంది.

ఈ కాగితం తలుపు కిందినుంచి తోస్తున్నాను. ఆ బడిలో చదివిన వాళ్ళందరిదీ ఇదే రాత, తెలుసు. అందుకని రాతను బట్టి తలుపు తీయకు. ఉన్నచోటే ఆగి ఒక్కసారి విను. ఇప్పుడు పిలుస్తాను. వీధంతా వినబడేలా పిలుస్తాను.

ఆ గొంతు నాది.